ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ నిర్వహణ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కోడ్‌ను ఎలా వాడాలో, అది ఎందుకలా ఉందో, దాన్ని మార్చాలంటే ఏం చేయాలో చెప్పే రాతలన్నిటినీ కలిపి డాక్యుమెంటేషన్ అంటారు. రీడ్‌మీ ఫైలు, ఇన్‌స్టాల్ చేసుకునే విధానం, కొత్తవాళ్ళకు పాఠాలు, ఒక్కో ఫంక్షన్ వివరాలిచ్చే రిఫరెన్సు, ఏ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే జాబితా అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిని మొదటిసారి రాయడం ఒక ఎత్తు, రాసినవాటిని కోడ్‌తో పాటు నడిపించుకుంటూ రావడం మరో ఎత్తు. గిట్‌హబ్ సంస్థ 2017లో జరిపిన సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన, పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురైన సమస్య అన్నారు. అదే సర్వేలో ప్రాజెక్టులకు పనిచేసిపెట్టేవారిలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్ పని ఎప్పుడో గాని చేయమని, లేదా అసలే చేయమని చెప్పారు. అందరూ కావాలనుకుని, ఎక్కువమంది ముట్టుకోని ఈ పని ఎందుకిలా తయారైందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

యూనిక్స్ మాన్యువల్ నుంచి హౌటూల దాకా

ఈ రంగంలో తొలి ప్రమాణం ఓపెన్ సోర్స్ అన్న పేరు పుట్టకముందే వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద 1971 నవంబరు 3 అన్న తేదీ ఉంది. ఒక్కో కమాండ్‌కు ఒక్కో పేజీ. అందులో పేరు, వాడే తీరు, వివరణ, చివరికి ‘బగ్స్’ అన్న శీర్షిక. తమ ప్రోగ్రాములోని లోపాలను తామే మాన్యువల్‌కెక్కించే ఆ అలవాటు ఇప్పటికీ చాలా ప్రాజెక్టులకు అబ్బలేదు. మాన్యువల్ నాణ్యత విషయంలో బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెక్‌ల్రాయ్ పట్టుదల మనిషి. ఏదైనా ప్రవర్తనను వివరించడానికి నానా తంటాలు పడాల్సి వస్తే, ఆ వివరణను చెక్కుతూ కూర్చోకుండా ప్రోగ్రామునే సరిచేసేవారు. ప్రోగ్రాము రాసినవాళ్ళే పేజీ రాసేవారు, చదివేవాళ్ళు పక్క గదుల్లోనే ఉండేవారు. పేజీలో తప్పుంటే చెప్పడానికి మనిషి దగ్గరలో ఉండేవాడు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వేరే దారి పట్టింది. కమాండ్‌కో పేజీ చాలదని, పుస్తకంలా అధ్యాయాలతో సాగే మాన్యువల్ కావాలని టెక్స్‌ఇన్ఫో పద్ధతిని తయారుచేసుకుంది. ఆలోచన మంచిదే. కానీ లినక్స్ వాడేవాళ్ళు మాన్యువల్ పేజీ కోసం ‘మ్యాన్’ అని టైప్ చేయడానికే అలవాటుపడ్డారు. గ్నూ కోర్‌యుటిల్స్‌లోని మ్యాన్ పేజీలు ప్రోగ్రాము ఇచ్చే క్లుప్త సహాయ సందేశం నుంచి యాంత్రికంగా పుడతాయి. పూర్తి వివరం వేరేచోట ఉందని చెప్పి ఆగిపోతాయి. పక్కనే సమగ్రమైన పుస్తకం ఉండగా ఎంతోమంది దాని ముఖం చూడకుండానే దశాబ్దాలు గడిపేశారు.

లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు 1992లో మొదలైంది. లార్స్ విర్జెనియస్, ఓలాఫ్ కిర్ఖ్, మ్యాట్ వెల్ష్ వంటివారు పుస్తకాలంత గైడ్లు రాశారు. ఇంకెందరో వలంటీర్లు తలా ఒక అంశం తీసుకుని హౌటూలు రాశారు. ప్రింటర్ ఎలా పెట్టుకోవాలి, మోడెం ఎలా కలపాలి, ఫైర్‌వాల్ ఎలా కట్టాలి అన్న ప్రశ్నలకు తొంభైలలో ఇవే దిక్కు. తర్వాత రాసినవాళ్ళు ఉద్యోగాల్లో పడ్డారు, ఆసక్తులు మారాయి. లినక్స్ మాత్రం ఆగలేదు. ఫైర్‌వాల్ సంగతే చూస్తే, 2.2 కెర్నల్‌లో ఐపీచెయిన్స్ ఉండేది. 2001 జనవరిలో వచ్చిన 2.4లో దాని స్థానాన్ని ఐపీటేబుల్స్ తీసుకుంది. 2014 జనవరి నాటి 3.13లో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. ఐపీచెయిన్స్ గురించి రాసిన హౌటూ మాత్రం ఎన్నో మిర్రర్ సైట్లలో రాసింది రాసినట్టే ఉండిపోయింది. దాన్ని తీసేసే అధికారం ఒకరిది, అది తప్పని తెలిసేది ఇంకొకరికి.

పాతబడటం

డాక్యుమెంటేషన్ పాతబడటానికి బద్ధకమే కారణమని అనుకోవడం పరిపాటి. బద్ధకం ఉన్నమాట నిజమే గాని, అసలు కారణం అంతకన్నా లోతైనది. కోడ్ చెడితే టెస్టు విఫలమవుతుంది, లేదా కంపైలర్ మొరాయిస్తుంది. డాక్యుమెంటేషన్ చెడితే ఏ గంటా మోగదు. తప్పు సూచనను పాటించి దెబ్బతిన్న కొత్త వాడుకరి మొదట తననే తప్పుపట్టుకుంటాడు. మరో రెండుచోట్ల వెతికి సరైన దారి తెలుసుకున్నాక, తన పని అయిపోయింది కాబట్టి వెనక్కొచ్చి ఆ పేజీని దిద్దడు. ఇక కోడ్ రాసిన వ్యక్తికి ఆ పేజీ తెరవాల్సిన అవసరమే పడదు. తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగేవాళ్ళు పేజీ చదవరు, చదివేవాళ్ళకు అది తప్పని రూఢిగా తెలియదు. కొత్తగా వచ్చినవాళ్ళకు లోపాలు కనబడే గడువు కూడా చిన్నదే. కొన్ని వారాలు పనిచేశాక వాళ్ళకీ ఆ మెట్లు అలవాటైపోయి, ఎక్కడ తడబడ్డారో గుర్తుండదు.

దీనికి వెర్షన్ల చిక్కు తోడవుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్ ఒకే రోజున లోకంలో అనేక వెర్షన్లుగా నడుస్తూ ఉంటుంది. డెబియన్ స్టేబుల్ వాడే మనిషి దగ్గర ఏడాదో రెండేళ్ళో పాత వెర్షన్ ఉంటుంది. ప్రాజెక్టు వెబ్‌సైటు తాజా వెర్షన్ గురించి చెబుతుంది. పాత పేజీలు తీసేస్తే వీళ్ళకు దారి లేదు, ఉంచేస్తే సెర్చ్ ఇంజన్లు కొత్తవాళ్ళను వాటి మీదికే తోలుతాయి. పైథాన్ 2కు అధికారికంగా మద్దతు ముగిసింది 2020 జనవరి 1న. పైథాన్ 3 నేర్చుకుంటున్న విద్యార్థి సెర్చ్ ఫలితాల్లో పైథాన్ 2 పేజీ మీద పడటం అంతకు ముందూ ఆ తర్వాతా కూడా మామూలే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టు దీనికి చేసిన ఏర్పాటు సాదాసీదాగా ఉంటుంది, పనిచేస్తుంది. ప్రతి పేజీ పైభాగాన అదే అంశానికి వేర్వేరు వెర్షన్లలో ఉన్న పేజీలకు లింకులుంటాయి. జ్యాంగో ప్రాజెక్టు ఏ సౌకర్యం ఏ వెర్షన్‌లో వచ్చిందో అక్కడికక్కడే గుర్తు పెడుతుంది. మద్దతు ముగిసిన వెర్షన్ల గుర్తులను తర్వాత ఏరి తీసేయడం మళ్ళీ ఒక పని.

మోగని గంటను మోగించే ప్రయత్నాలు లేకపోలేదు. 2001లో విడుదలైన పైథాన్ 2.1లో టిమ్ పీటర్స్ రాసిన డాక్‌టెస్ట్ చేరింది. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను అది నిజంగా నడిపి, పేజీలో చూపిన ఫలితమే వస్తోందో లేదో సరిచూస్తుంది. రస్ట్ భాషలో ఇది ఇంకా సహజంగా కుదిరింది. కార్గో టెస్ట్ నడిపితే లైబ్రరీ వ్యాఖ్యల్లో రాసిన ఉదాహరణలు కూడా మామూలు టెస్టులతో పాటే నడుస్తాయి. కర్ల్ ప్రాజెక్టులో కమాండ్‌కు ఉన్న ఒక్కో ఆప్షన్‌కు ఒక్కో ఫైలు ఉంటుంది. కోడ్‌లో ఉన్న ఆప్షన్లకూ రాతలో ఉన్నవాటికీ తేడా వస్తే టెస్టే పట్టేస్తుంది. అయినా ఇవన్నీ ఉదాహరణలను, పేర్లను, జాబితాలను మాత్రమే కాపాడతాయి. ‘పెద్ద ఫైళ్ళకు ఈ పద్ధతి మంచిది’ అన్న వాక్యం ఇవాళ్టికీ నిజమో కాదో ఏ టెస్టూ చెప్పలేదు.

నిజంగా ఫలితమిచ్చినవి యంత్రాల కన్నా గుమ్మం దగ్గరి నియమాలు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త సౌకర్యానికి పంపే ప్యాచ్‌లో డాక్యుమెంటేషన్ మార్పు లేకపోతే అది పూర్తయిన ప్యాచ్ కాదు. జ్యాంగోలోనూ అంతే. ఓపెన్‌బీఎస్‌డీ మ్యాన్ పేజీలోని తప్పును ప్రోగ్రాములోని బగ్‌గానే లెక్కిస్తుంది. ఈ మూడు ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్‌కు మంచి పేరు రావడానికి వాటిలో గొప్ప రచయితలు ఉండటం కన్నా ఈ కట్టుబాటే ముఖ్య కారణమనిపిస్తుంది. రాత లేకుండా కోడ్ లోపలికి వెళ్ళదన్నప్పుడు, విషయం బాగా తెలిసిన మనిషి, విషయం ఇంకా తాజాగా ఉండగానే, ఇష్టమున్నా లేకున్నా రెండు పేరాలు రాస్తాడు. ఆ రెండు పేరాల భాషను తర్వాత ఎవరైనా దిద్దవచ్చు. ఆర్నెల్ల తర్వాత ఆ విషయాన్నే తవ్వి తీయడం మాత్రం ఎవరివల్లా కాదు.

అయితే అన్ని నిందలూ రాత మీదే వేయకూడదు. గిట్ మ్యాన్ పేజీలు అర్థం కావన్న ఫిర్యాదు ఏళ్ళ తరబడి ఉంది. అందులో ‘చెకౌట్’ అన్న ఒక్క కమాండ్ బ్రాంచి మార్చడానికీ, ఫైలును పాత స్థితికి తేవడానికీ రెంటికీ వాడాల్సి వచ్చేది. ఎంత బాగా వివరించినా ఆ గందరగోళం తీరేది కాదు. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23లో ‘స్విచ్’, ‘రిస్టోర్’ అని రెండు కమాండ్లు విడిగా వచ్చాయి. మెక్‌ల్రాయ్ కాలంలో సరిచేసే వీలున్నది ఇక్కడ కుదరలేదు. అప్పటికే లెక్కలేనన్ని స్క్రిప్టులు ‘చెకౌట్’ మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి పాత కమాండ్ కూడా అలాగే ఉండిపోయింది. డాక్యుమెంటేషన్ ఇప్పుడు మూడింటినీ వివరించాలి.

రాసేవాళ్ళు, జీతాలు

లినక్స్ కెర్నల్‌కూ సీ లైబ్రరీకీ సంబంధించిన మ్యాన్ పేజీలను 2004 నుంచి దాదాపు పదహారేళ్ళు మైఖేల్ కెరిస్క్ చూసుకున్నాడు. కెర్నల్‌కు కోడ్ రాసే డెవలపర్లు వేలల్లో ఉన్నారు, కొత్త సిస్టమ్ కాల్ ప్రవర్తనను పరీక్షించి పేజీగా రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. పేజీ రాసే క్రమంలో బయటపడిన డిజైన్ లోపాలను కూడా ఆయన కెర్నల్ వాళ్ళ దృష్టికి తెచ్చేవాడు. ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకున్న అలెహాంద్రో కోలోమార్, డబ్బు లేకుండా ఇక సాగించలేనని 2024 సెప్టెంబరులో పని ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ప్రపంచంలోని సర్వర్లలో సింహభాగం నడిపే వ్యవస్థకు మూల మాన్యువల్ అది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు నిధులివ్వడంతో పని మళ్ళీ సాగింది.

వెబ్ డెవలపర్లందరికీ తెలిసిన మొజిల్లా వారి రిఫరెన్సు సైటు ఎండీఎన్ కథ కూడా ఇలాంటిదే, కాకపోతే పెద్ద స్థాయిలో జరిగింది. 2020 ఆగస్టులో మొజిల్లా దాదాపు 250 మందిని తొలగించినప్పుడు ఎండీఎన్ రచయితల బృందంలో చాలామంది పోయారు. అదే ఏడాది చివర్లో ఎండీఎన్ పేజీలు వికీ రూపం వదిలి గిట్‌హబ్‌కు చేరాయి. 2021 జనవరిలో గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థల సాయంతో ఓపెన్ వెబ్ డాక్స్ ఏర్పడి, రచయితలకు జీతాలిచ్చి ఆ పని నిలబెట్టింది. ఒకే కంపెనీ మీద ఆధారపడిన పని, దానివల్ల లాభపడే అందరి మధ్యా పంచుకునే పనిగా మారింది. గూగుల్ 2019లో మొదలుపెట్టిన సీజన్ ఆఫ్ డాక్స్ టెక్నికల్ రైటర్లను ప్రాజెక్టులతో కలిపింది. ఇలాంటి పథకాల్లో రాత బాగానే వస్తుంది. గడువు ముగిసి రచయిత వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూసుకోవాలన్నదే ఎప్పుడూ తేలని ప్రశ్న.

కొత్తగా చేరేవాళ్ళకు ‘ముందు డాక్యుమెంటేషన్‌తో మొదలుపెట్టు’ అని సలహా ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కూడా వినబడే మాటే ఇది. ఈ సలహాలో సగం తప్పు. అర్థంకాని చోటు ఎక్కడుందో చూపించడానికి కొత్తవాళ్ళను మించినవాళ్ళు లేరు, కానీ అక్కడ ఏం రాయాలో వాళ్ళకు తెలియదు. సులువైన పని అనుకుని దీన్ని వాళ్ళకు వదిలేయడం వల్ల ఏమవుతుందో 2020 అక్టోబరులో బయటపడింది. అప్పట్లో నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో రీడ్‌మీ ఫైళ్ళకు ఒకటి రెండు పొగడ్త మాటలు అతికించిన రిక్వెస్టులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటికి భారతదేశంలో బాగా చూసిన ఒక వీడియో కారణమని అప్పట్లో అన్నారు. ప్రాజెక్టులు చూసుకునే మెయింటైనర్ల గగ్గోలుకు నిర్వాహకులు కొద్ది రోజుల్లోనే నియమం మార్చి, పాల్గొనడానికి మెయింటైనర్లు స్వయంగా ఒప్పుకున్న రిపాజిటరీలనే లెక్కలోకి తీసుకున్నారు.

ఎక్కడ పెట్టాలి

పనిముట్ల విషయంలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు, చర్చలు మాత్రం ఎక్కువ. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను లేటెక్ నుంచి బయటికి తేవడానికి జార్జ్ బ్రాండల్ తయారుచేసిన స్ఫింక్స్ 2008లో వచ్చింది. 2010లో రీడ్ ద డాక్స్ మొదలై, కోడ్ మారినప్పుడల్లా పేజీలను తనంత తానే కట్టి ఉచితంగా వడ్డించింది. లినక్స్ కెర్నల్ కూడా 2016లో 4.8 వెర్షన్ నుంచి స్ఫింక్స్‌కు మారడం మొదలుపెట్టింది. రాతను కోడ్ పక్కనే రిపాజిటరీలో పెట్టడం వల్ల రెండూ ఒకే ప్యాచ్‌లో మారతాయి. దీనికి చెల్లించే మూల్యం, అక్షరదోషం దిద్దాలన్నా గిట్ తెలిసి ఉండటం.

వికీలో ఆ అడ్డంకి లేదు. ఆర్చ్ లినక్స్ వికీని ఇతర డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళు కూడా చదువుతారంటే దాని వెనక కఠినమైన శైలి నియమాలు, వదలకుండా కాపలా కాసే మనుషులు ఉన్నారు. కాపలా లేకుండా రాత నిలవదని స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా తెలుసుకుంది. ప్రశ్న జవాబుల్లో అంత విజయం సాధించిన ఆ సంస్థ 2016 జులైలో డాక్యుమెంటేషన్ అనే విభాగాన్ని తెరిచి, 2017 ఆగస్టులో మూసేసింది. ఒకరి ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఉన్న ఊపు, ఎవరూ అడగని పేజీని పదేపదే సరిదిద్దడంలో ఉండదు.

లైసెన్సు

మాన్యువల్ కూడా స్వేచ్ఛగా మార్చుకోదగినదై ఉండాలన్నది స్టాల్‌మన్ వాదన. అందుకోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2000లో గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సును తెచ్చింది. అందులో రచయిత కోరుకుంటే కొన్ని భాగాలను ఎవరూ మార్చకూడదని కట్టడి చేసే వీలుంది. అలాంటి భాగాలున్న మాన్యువళ్ళు తమ నిర్వచనం ప్రకారం స్వేచ్ఛా రచనలు కావని 2006లో డెబియన్ సభ్యులు ఓటు వేసి తేల్చారు. దాంతో ఈమాక్స్, జీసీసీల మాన్యువళ్ళు డెబియన్‌లో నాన్‌ఫ్రీ విభాగంలోకి పోయాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమపు ముఖ్య ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసుకున్న మనిషికి వాటి మాన్యువళ్ళు మాత్రం రాని పరిస్థితి. సూత్రం మీద ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు, నష్టపోయింది చదువరి.

అనువాదం

మూలమే పాతబడుతుంటే అనువాదం రెండింతలు పాతబడుతుంది. గెట్‌టెక్స్ట్ పద్ధతిలో మూలవాక్యం మారగానే పాత అనువాదానికి సందేహపు గుర్తు పడుతుంది, ఎవరైనా మళ్ళీ చూసేదాకా అది లెక్కలోకి రాదు. బొత్తాల మీది పేర్లకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. తెలుగులో జరిగిన పని కూడా ఎక్కువగా ఇంటర్‌ఫేసు వరకే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్‌ను తెచ్చింది. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులో నడుపుకోవచ్చు. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సందేశాలను ట్రాన్స్‌లేట్‌వికీలో వలంటీర్లు తెలుగు చేశారు. మాన్యువళ్ళు ఆ స్థాయికి రాలేదు. మెనూ అనువాదం ఒకసారి చేస్తే కొన్నేళ్ళు ఉంటుంది, మాన్యువల్ ప్రతి విడుదలకూ కదులుతుంది. పైగా మాన్యువల్‌లో రాసిన మెనూ పేరును ఇంటర్‌ఫేసు అనువాదకులు మార్చేస్తే చదివేవాళ్ళు లేని బొత్తాం కోసం వెతుక్కుంటారు. స్క్రీన్‌షాట్లన్నీ మళ్ళీ తీయాలి.

పైథాన్ 2017లో పెప్ 545 అన్న ప్రతిపాదన ద్వారా అనువాదాలకు అధికారిక చోటు ఇచ్చినప్పుడు ముందుగా చేరినవి జపనీస్, ఫ్రెంచ్, కొరియన్. ఇంజనీరింగ్ చదువు స్వభాషలో కూడా సాగే దేశాల భాషలివి. ఇంగ్లీషులో చదువుకున్న తెలుగు ప్రోగ్రామర్‌కు లైబ్రరీ రిఫరెన్సు తెలుగులో లేకపోవడం పెద్ద లోటు కాదు. పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో లిబ్రెఆఫీస్‌తో కుస్తీపడే మనిషికి తెలుగులో సహాయ పేజీ కావాలి. అనువదించగల నైపుణ్యం మాత్రం మొదటివారి దగ్గరే ఉంది.

పాఠకుల స్థానంలో యంత్రాలు

కృత్రిమ మేధ వచ్చాక ఈ చిక్కులకు మరో మలుపు వచ్చింది. రీడ్ ద డాక్స్ 2024లో బయటపెట్టిన వివరాల ప్రకారం, కృత్రిమ మేధ కోసం పేజీలను లాగే ఒకే ఒక్క క్రాలర్ ఆ ఏడాది మే నెలలో 73 టెరాబైట్ల ఫైళ్ళను లాగేసింది. బ్యాండ్‌విడ్త్ ఖర్చే 5,000 డాలర్లు దాటింది. కృత్రిమ మేధ మోడళ్ళు ఇలాంటి పేజీలను నేర్చుకుని జవాబులు చెబుతాయి. ఆ జవాబుల్లో పాత వెర్షన్ల తప్పులు, లేని ఆప్షన్లు కూడా కలిసి ఉంటాయి. ఆ జవాబు పట్టుకుని వచ్చిన వాడుకరి ప్రాజెక్టు దగ్గర బగ్ నమోదు చేస్తాడు.

ఇంకో నష్టం డబ్బుకు సంబంధించింది. చాలా చిన్న ప్రాజెక్టులకు డాక్యుమెంటేషన్ సైటే దుకాణం ముంగిలి. ఉచిత లైబ్రరీ గురించి చదవడానికి వచ్చినవాళ్ళలో కొందరు అమ్మకానికి ఉన్నవీ చూస్తారు. టెయిల్‌విండ్ సీఎస్‌ఎస్ సృష్టికర్త ఆడమ్ వాథన్ 2026 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారం, లైబ్రరీ వాడకం మునుపెన్నడూ లేనంతగా పెరిగినా డాక్యుమెంటేషన్ సైటుకు రాకపోకలు 2023 తొలినాళ్ళతో పోలిస్తే సుమారు 40 శాతం తగ్గాయి. ఆదాయం పడిపోయి ఇంజనీర్లలో ఎక్కువమందిని తీసేయాల్సి వచ్చింది. మోడళ్ళు సులువుగా చదువుకునేలా ఆ డాక్యుమెంటేషన్‌కు ఒక ప్రత్యేక రూపం చేర్చాలని ఎవరో పంపిన పుల్ రిక్వెస్టుకు జవాబిస్తూ ఆయన ఈ సంగతి చెప్పాడు. వార్త పాకిన కొద్ది రోజులకే గూగుల్, వెర్సెల్ వంటి సంస్థలు స్పాన్సర్లుగా ముందుకొచ్చాయి.